ఉన్నది ఉన్నట్లుగా ఇల్లు అమ్ముట: పంచాయతీ సభ్యులు గమనింపవలసిన సంగతులు

ఊరిలో ఇల్లు అమ్మదలచినవారు రిజిస్ట్రేషను కచేరీకి పోవుటకు పూర్వము పంచాయతీ సభ్యుని అరుగుమీదికి వత్తురు. పన్ను రసీదు కావలెననియో, సాక్షి సంతకము చేయుమనియో, బేరము బాగున్నదో లేదో చెప్పుమనియో అడుగుదురు. ఇట్లు వచ్చువారిలో కొందరి స్థితి ప్రత్యేకముగా ఆలోచింపదగినది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, విదేశములలోనో స్థిరపడగా పాత ఇంటిలో ఒంటరిగా మిగిలిన వృద్ధులు వారిలో నుందురు. ఆసుపత్రి ఖర్చునకో, ఆడపిల్ల పెండ్లికో త్వరగా సొమ్ము కావలసినవారు ఉందురు. ఇల్లు కురియుచుండును, గోడ బీటలు వారియుండును, బాగుచేయించుటకు చేతిలో డబ్బుండదు. అట్టి సమయమున ఒకరు వచ్చి, "మీరు ఒక్క పెంకు కూడ మార్చనక్కరలేదండీ. మధ్యలో దళారి లేడు, బ్యాంకు అప్పు కొరకు ఆగనక్కరలేదు. ఇల్లు ఎట్లున్నదో అట్లే తీసికొందుము. రొక్కము చేతిలో పెట్టుదుము" అని చెప్పుదురు.

ఈ మాట వినుటకు ఇంపుగా నుండును. దీనిలో మోసమే యున్నదని మేము చెప్పబోము. ఇట్టి అమ్మకము చట్టసమ్మతమైనదే. కొందరికి అంతకంటె మంచి మార్గము ఉండకపోవచ్చును కూడ. అయితే అమ్మువాడు ఈ బేరములో వెలను కొంత వదలుకొని నిశ్చింతను కొనుక్కొనుచున్నాడు. వదలుకొన్నది ఎంతయో అతనికి తెలియవలెను. కొనుక్కొన్న నిశ్చింత నిజముగా చేతికి రావలెను. ఈ రెండును జరుగునట్లు చూచుటలో పంచాయతీ సభ్యుని సాయము చాల యున్నది.

మొదట వెల సంగతి చూతము. బాగుచేయని ఇంటిని కొనువాడు తక్కువ ధర అడుగుట సహజము. మరమ్మతు ఖర్చు అతనిదే. లోపల ఏమి దాగియున్నదో తెలియని అపాయమును అతడే భరించవలెను. ఈ తగ్గింపు న్యాయమైనదే గాని, ఎంతవరకు న్యాయమో లెక్క వేసి చూడవలెను. ఒక ఉదాహరణ ఊహింతము. బాగుచేయించి నిదానముగా అమ్మినచో 9 లక్షల రూపాయలు పలుకు ఇల్లు ఒకటి కలదనుకొందము. మరమ్మతునకు 1 లక్షా 50 వేలు పట్టునని మేస్త్రియు వడ్రంగియు చూచి చెప్పిరి. అనగా ఉన్నది ఉన్నట్లుగా దాని విలువ సుమారు 7 లక్షల 50 వేలు. కొనవచ్చినవారు 5 లక్షల 50 వేలు ఇత్తుమనిరి. తక్కువపడిన 2 లక్షలు మరమ్మతు ఖర్చు కాదు. అది తొందరకు చెల్లించు వెల. ఆసుపత్రిలో ప్రాణముమీదికి వచ్చినప్పుడు ఆ వెల చెల్లింపక తప్పదు. పెండ్లి ఇంకను ఆరు నెలలకున్నప్పుడు ఎందుకు చెల్లించవలెను? అమ్ముమనియో, అమ్మవద్దనియో తీర్పు చెప్పుటకంటె ఈ లెక్కను ఒక కాగితముమీద వేసి ఇంటివారికి చూపుట మేలని మా అభిప్రాయము. మరమ్మతు అంచనా మాత్రము అమ్మువారు తమ మేస్త్రిచేత వేయించుకొనవలెను. కొనువాడు వెంటబెట్టుకొని వచ్చిన మేస్త్రి చెప్పినది కొనువాని లెక్క.

పొరుగువారిని అడుగకుండ బేరము ముగించుట కూడ మన ఊళ్లలో మామూలు. ప్రక్క ఇంటివారికి ఆ స్థలము కలిసివచ్చును గనుక వారే ఎక్కువ ఇచ్చుటకు సిద్ధపడవచ్చును. గోడ తగాదావల్లనో, చూరు నీటి తగాదావల్లనో మాటలు లేకపోవుటచేత అమ్మువారు అడుగరు, వారును ముందుకు రారు. ఇట్టిచోట సభ్యుడు ఒక కబురు మోసినచో వేలకు వేలు కలిసివచ్చును.

పాత కలప విలువ

"ఇల్లేమున్నది, నేడో రేపో కూలును. స్థలమునకే వెల కట్టుచున్నాము" అను మాట తరచుగా వినబడును. మట్టిగోడల ఇల్లయినచో అది నిజమే కావచ్చును. కాని గోదావరి, కృష్ణా ప్రాంతముల మండువా ఇండ్లలోను, తెలంగాణములోని పాత భవంతులలోను అది నిజము కాదు. ఆ ఇండ్ల స్తంభములు, దూలములు, ద్వారబంధములు పలుచోట్ల టేకుతో చేసినవి. గోడ వంగినను, పెంకు పగిలినను, చెదలంటని పాత టేకు చెడిపోదు. పట్టణములలో కొత్త ఇండ్లకును, హోటళ్లకును పాత ద్వారబంధములను, చెక్కడపు స్తంభములను కొనుపోవు వర్తకులున్నారు. ఇల్లు కొన్న కొలది దినములలోనే దానిని విప్పించి కలపను లారీల కెక్కించువారు ఏమి చూచి కొనిరో అప్పుడు గాని తెలియదు.

కావున అమ్మకమునకు పూర్వము కలపను కొలిపించవలెను. లెక్క కష్టమైనది కాదు. 15 అడుగుల పొడవు, 8 అంగుళముల లోతు, 6 అంగుళముల వెడల్పు గల దూలములో 5 ఘనపుటడుగుల కలప యుండును. 9 అడుగుల ఎత్తు, 8 అంగుళముల చదరము గల స్తంభములో 4 ఘనపుటడుగులుండును. ఎనిమిది స్తంభములు, పన్నెండు దూలములు గల ఇంటిలో ద్వారములను, వాసములను లెక్కింపకయే 92 ఘనపుటడుగులు తేలును. దగ్గర పట్టణములోని కలప అడితిలో పాత టేకు ఘనపుటడుగు ఎంత పలుకునో ఇద్దరిని విచారించి గుణించినచో సంగతి బోధపడును. కోత కూలి, విప్పుడు కూలి, పుచ్చుపోయిన భాగము తీసివేయవలెననుట మరువరాదు.

ఇంకొక సంగతి కలదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, వేరుగా వ్రాసికొననంతవరకు, ఇల్లు అమ్మినచో తలుపులు, కిటికీలు, తాళములు, ఇంటికి శాశ్వతముగా అమర్చిన ఇతర వస్తువులు దానితో కూడ పోవును. అవ్వ కాపురమునాటి చెక్కడపు సింహద్వారమును కొడుకు తన కొత్త ఇంటికి కొనిపోదలచినచో ఆ మాట దస్తావేజులో ముందే వ్రాయింపవలెను. రిజిస్ట్రేషను అయిన తరువాత దానిని ఊడదీయబోయినచో అది తగవునకు దారి తీయును.

స్థలమును కూడ దారముతోగాక టేపుతో కొలువవలెను. 45 అడుగులకు 60 అడుగుల దొడ్డి 300 చదరపు గజములు. అనగా 6 సెంట్లకు కొంచెమెక్కువ. పాత కాగితములో 5 సెంట్లని యున్నదని 5 సెంట్లకే వెల కట్టుకొనువారు కలరు.

"ఉన్నది ఉన్నట్లు" అను మాటకు హద్దు

ఈ మాట దస్తావేజులో వ్రాసినచో తరువాత ఏ లోపము బయటపడినను తనకు సంబంధము లేదని అమ్మువాడు తలచును. ఇది సగమే నిజము. కంటికి కనిపించు బీట, కురియు కప్పు, ఒరిగిన ప్రహరీ, వీనిని కొనువాడు చూచియే కొనును గనుక వానికై తరువాత తగవు పెట్టలేడు. కాని అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టుటకు వీలుకాని ముఖ్య లోపమును చెప్పియే తీరవలెనని పై చట్టములోని 55వ సెక్షను విధించుచున్నది. అట్టి లోపమును దాచుట వంచన యగునని కూడ ఆ సెక్షను చెప్పుచున్నది. పూర్వము ధాన్యము దాచుటకు ఇంటిలో తవ్విన పాతరను పూడ్చి పైన బండలు పరచి యుందురు. కొన్నవారు తెలియక దానిమీద కొత్త గోడ లేపినచో క్రుంగును. రోడ్డు వెడల్పు చేయుటకు ప్రహరీ తొలగింపవలసియున్నదని వచ్చిన నోటీసును పెట్టెలో దాచుట కూడ ఇట్టిదే.

అమ్మువానికి ఆస్తిమీద హక్కు కలదనియు, అమ్ముటకు అధికారము కలదనియు, వేరు ఒప్పందము లేనప్పుడు, అతడు మాట ఇచ్చినట్లే చట్టము భావించును. ఇంటిని ఉన్నది ఉన్నట్లుగా అమ్మవచ్చును. లేని హక్కును ఉన్నట్లుగా అమ్మరాదు.

కొనువానికి కూడ ఇందు ఒక బాధ్యత కలదు. అమ్మువానికి తన హక్కుయొక్క విస్తీర్ణము సరిగా తెలియదనియు, తెలిసినచో దాని విలువ చాల పెరుగుననియు కొనువానికి తెలిసియున్నచో, ఆ సంగతి దాచరాదు. చదువురాని వృద్ధురాలికి తన వాటా పావు భాగమే అనుకొను భ్రమ యున్నది. పాత దస్తావేజుల నకళ్లు తీయించి చూచిన కొనువానికి సగము వాటా అని తెలిసినది. అట్టిచోట పావు వెలకే సంతకము చేయించుకొనుటను చట్టము ఒప్పదు.

లోపములను దాచుటకంటె వ్రాయుటయే అమ్మువానికి రక్షణ. దస్తావేజులో ఇట్లు వ్రాయింపవచ్చును: "పై ఇంటి పడమటి గోడ బీటలు వారియున్నదనియు, వంటయింటి కప్పు కురియుననియు, నడవ క్రింద పూడ్చిన పాతర కలదనియు అమ్మువారు తెలియజేసిరి. కొనువారు ఇంటిని స్వయముగా చూచుకొని, నేడున్న స్థితిలోనే కొనుటకు అంగీకరించిరి." ఈ రెండు వాక్యములున్నచో పిమ్మట ఎవరును మాట మార్చుటకు వీలుండదు. ఉమ్మడి గోడ, దారి హక్కు, నూతిలో వాటా, చూరు నీరు పడు చోటు కూడ నాలుగు దిక్కుల హద్దులతో పాటు వ్రాయుట మంచిది.

హక్కు సంగతి వచ్చినది గనుక కొంచెము ఆగి చెప్పవలెను. గ్రామకంఠములోని పలు ఇండ్లకు తాతలనాటి నుండి అనుభవమే గాని దస్తావేజు ఉండదు. ఇంటి పన్ను రసీదును చూపి ఇదియే పట్టా అని చెప్పుదురు. పన్ను రసీదు పన్ను చెల్లించినట్లు తెలుపునే గాని హక్కును ఇయ్యదు. పంచాయతీవారు ఇచ్చు ధృవపత్రములో రిజిస్టరులో నున్నదే వ్రాయవలెను గాని, ఫలానావారే యజమానులని హక్కు తీర్పు వ్రాయరాదు. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన స్వామిత్వ పథకము క్రింద నివాస స్థలములను డ్రోనులతో సర్వే చేసి ఆస్తి కార్డు లిచ్చిన గ్రామములలో, ఆ కార్డును కూడ సరిచూడవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన ఇండ్ల స్థలములకు అమ్మకమునుగూర్చి షరతులుండును. సబు రిజిస్ట్రారు కచేరీలోని నిషిద్ధ ఆస్తుల జాబితాలో సర్వే నంబరు ఉన్నదేమో ముందే చూచుకొననిచో బయానా పుచ్చుకొన్న తరువాత చిక్కు వచ్చును.

ఋణభార పత్రము, అనగా జనులు ఈసీ యనునది, రిజిస్టరయిన లావాదేవీలనే చూపును. నోటుమీది అప్పులు, తెల్ల కాగితముమీది ఒప్పందములు అందు కనిపించవు. అవి ఊరివారికే తెలియును.

వాటాదారుల సంగతి మరింత సున్నితమైనది. తండ్రి వీలునామా లేకుండ పోయినచో ఆయన స్వార్జితమైన ఇంటిలో కొడుకులతో సమానముగా కూతుండ్రకును, భార్యకును, తల్లి యున్నచో ఆమెకును 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వాటా ఇచ్చుచున్నది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతుండ్రకు కొడుకులతో సమానమైన హక్కును 2005 నాటి సవరణ కలిగించినది. ఆ హక్కు పుట్టుకతో వచ్చునదనియు, తండ్రి ఆ నాటికి జీవించియుండనక్కరలేదనియు 2020లో సుప్రీము కోర్టు తేల్చినది. "చెల్లెలికి పెండ్లిలో ఇచ్చినాము, ఆమె ఏమి అడుగును?" అని అన్నలు చెప్పుమాట చట్టమునెదుట నిలువదు. తొందరపడి కొనువాడు ఆమె సంతకము అక్కరలేదనినచో, ఆ వంకన వెల తగ్గించుకొనుచున్నాడనియే తలపవలెను. మైనరు పిల్లల వాటా వేరుగా వచ్చియున్నచో తల్లి గాని తండ్రి గాని కోర్టు అనుమతి లేనిదే దానిని అమ్మరాదు.

రొక్కము, బయానా, తెల్ల కాగితములు

"రొక్కము" అను మాటకు రెండర్థములు కలవు. అప్పు చేయకుండ మొత్తము సొమ్ము ఒక్కసారిగా చెల్లించుట ఒకటి. నోట్ల కట్టలు చేతిలో పెట్టుట మరియొకటి. మొదటిది మంచిదే. రెండవది ప్రమాదకరము. 2015 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారము, స్థిరాస్తి అమ్మకమునకై 20 వేల రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదు. బయానాకు కూడ ఇదే నిబంధన. ఉల్లంఘించినచో పుచ్చుకొన్నంత సొమ్మును జరిమానాగా విధింపవచ్చును. ఆ జరిమానా పడునది ఇచ్చినవానిమీద కాదు, పుచ్చుకొన్నవానిమీద, అనగా మన ఊరి అమ్మకపుదారుమీద. ఇరువురికిని వ్యవసాయాదాయమే యుండి, ఇద్దరిలో ఎవరికిని పన్ను పడు ఆదాయము లేనిచో మినహాయింపు కలదు గాని, పట్టణమునుండి వచ్చి ఇండ్లు కొను వ్యాపారి ఆ మినహాయింపులోనికి రాడు.

కావున సొమ్ము బ్యాంకు ఖాతాలోనికి గాని, డ్రాఫ్టు ద్వారా గాని రావలెను. ఆ నంబరు, తేదీ, మొత్తము దస్తావేజులో వ్రాయవలెను. "దస్తావేజులో 3 లక్షలు వ్రాయుదము, మిగతా సొమ్ము సాయంత్రము ఇంటివద్ద ఇత్తుము" అనువారుందురు. ఆ సాయంత్రము రానిచో, రావలసియున్నదని చూపుటకు అమ్మువానివద్ద ఏ ఆధారము నుండదు. మొత్తము వెల దస్తావేజులో నున్నప్పుడు, చెల్లింపని భాగమునకు ఆ ఇంటిమీదనే అమ్మువానికి హక్కు నిలిచియుండునని చట్టము చెప్పుచున్నది. తక్కువ వ్రాసినవాడు ఆ రక్షణను తన చేతులతోనే పోగొట్టుకొనును.

మరియొక పద్ధతిని సభ్యులు ముఖ్యముగా కనిపెట్టవలెను. రొక్కము సిద్ధముగా నున్నదని చెప్పినవాడు స్వల్పముగా బయానా ఇచ్చి, మూడు నాలుగు నెలల గడువుతో ఒడంబడిక వ్రాయించుకొని, కొనువారి పేరున్నచోట ఖాళీ ఉంచుమనును. లేదా సాధారణ అధికార పత్రము వ్రాసియిమ్మనును. నిజానికి అతని చేతిలో సొమ్ము లేదు. ఆ గడువులోపల ఎక్కువ ధరకు మరియొకనిని వెదకి, మధ్యనున్న లాభము తీసికొనవలెనని అతని ఆలోచన. దొరికినచో సరి, దొరకనిచో గడువు మీరిన ఒడంబడికతో ఇంటివారు మరియొకరికి అమ్ముకొనలేక చిక్కుపడుదురు. తొందరగా సొమ్ము వచ్చుననియే గదా వెల తగ్గించుకొన్నది! అట్లయినచో గడువు రెండు మూడు వారములకు మించనీయరాదు. కొనువారి పేరు, చిరునామా పూర్తిగా వ్రాయవలెను. గడువు దాటినచో బయానా ఏమగునో స్పష్టముగా నుండవలెను. ఈ షరతులకు ఒప్పుకొననివాడు రొక్కపు బేరగాడు కాడని గ్రహింపవచ్చును.

నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరయిన దస్తావేజు మూలముననే చెల్లును. అమ్మకపు ఒడంబడిక ఒక్కటే ఇంటిమీద హక్కు కలిగింపదు. అధికార పత్రము, ఒడంబడిక, వీలునామా కలిపి ఇచ్చినంతమాత్రమున యాజమాన్యము మారదని 2011లో సుప్రీము కోర్టు తేల్చిచెప్పినది. సంతకమైన దస్తావేజును నాలుగు నెలలలోపల రిజిస్ట్రేషనునకు దాఖలు చేయవలెను. విదేశములోనున్న కొడుకు పంపిన అధికార పత్రముమీద అమ్మునప్పుడు, అది ఆ దేశములోని భారత రాయబార కార్యాలయములో ధృవీకరింపబడినదో లేదో, మన దేశము చేరిన మూడు నెలలలోపల స్టాంపు వేయించినారో లేదో చూడవలెను. స్టాంపు ఖర్చు, వేరు ఒప్పందము లేనప్పుడు, కొనువారిదే. "ఖర్చులన్నియు పోగా" అని వెలలో దానిని తగ్గించుచున్నారేమో గమనింపవలెను.

సాక్షి సంతకమునకు వచ్చినవారికి సభ్యులు ఒక్క మాట చెప్పవలసియుండును: చూచినదానికే సంతకము. సొమ్ము ముట్టినదని కాగితములో నున్నప్పుడు, ముట్టుట చూడనివాడు సంతకము చేయకుండుటయే మర్యాద. ఖాళీ స్టాంపు కాగితముమీద ఏ బంధువు బ్రతిమాలినను చేయరాదు. దస్తావేజును అమ్మువారికి మొదటినుండి చివరివరకు చదివి వినిపించితిరా అని లేఖరిని అడుగుటలో ఎవరికిని అవమానము లేదు. సబు రిజిస్ట్రారు కూడ అడుగును గాని, అప్పటికి అమ్మువారు కంగారులో తలయూపుచుందురు. ముందునాటి రాత్రి ఇంటివద్ద చదువుకొన్న దస్తావేజు వేరు, కచేరీ వరండాలో విన్న దస్తావేజు వేరు.

వృద్ధులు అమ్మునప్పుడు వారు ఎక్కడికి పోదురు, ఎన్నాళ్లకు పోదురు అను సంగతి కూడ కాగితములోనికి ఎక్కవలెను. కొడుకు వచ్చి తీసికొనిపోవుటకు రెండు నెలలు పట్టినచో అంతవరకు అద్దె లేకుండ ఇంటిలో నుండుటకు కొనువారు అంగీకరించినట్లు తేదీతో వ్రాయింపవచ్చును. నోటిమాటగా ఒప్పుకొన్నవారు లారీ వచ్చిననాడు ఒప్పుకొనకపోవచ్చును.

అమ్మకమునాటి వరకు నున్న పన్ను బకాయిలు, వేరు ఒప్పందము లేనిచో, అమ్మువారే చెల్లింపవలెను. కావున రిజిస్ట్రేషనునకు వారము ముందే పంచాయతీ కార్యదర్శి డిమాండు రిజిస్టరు చూచి బకాయి ఎంతయో వ్రాసియిచ్చినచో ఇరువురికిని మేలు. రిజిస్టరయిన దస్తావేజు నకలు చేతికి వచ్చిన తరువాతనే పన్ను రిజిస్టరులో పేరు మార్చవలెను. ఒడంబడికను చూచి మార్చరాదు. కుళాయి కనెక్షను, కరెంటు మీటరు వెంటనే కొన్నవారి పేరునకు మారనిచో, వచ్చు బిల్లులు ఊరు విడిచిపోయిన అమ్మకపుదారు పేరుననే వచ్చుచుండును. తాళపుచెవులు ఇచ్చుదినమున మీటరులోని అంకెను ఇరువురును చూచి, రసీదు వెనుక వ్రాసి, సంతకములు చేసికొని ఆ కాగితమును దస్తావేజు నకలుతో కూడ భద్రపరచుకొనవలెను.